చలిదేశపు జాకెట్టు

దసరా వెళ్ళిపోయినా మల్కాపురంలో ఉక్కపోత వెళ్ళలేదు. తెల్లారకముందే కుళాయి దగ్గర ఆడవాళ్ళ వీపులు తడిసిపోతున్నాయి. అలాంటి పొద్దున్న తాయారు గడ్డం దాకా కాలరు, మణికట్టు దాకా గుండీల చేతులు ఉన్న ఎండుటాకు రంగు జాకెట్టు వేసుకుని, ఏడో నెల పొట్టతో బిందె పట్టుకుని వచ్చింది.

"ఏటే తాయారూ, మీ ఇంట్లో గాని ఇంకా మంచు కురుస్తందేటి?" అంది పక్కింటి చిలకమ్మ.

"ఫ్యాషనొదినా," అంది తాయారు. చెమట తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే కాలరు కిందికి లాగాలి.

ఆ ఫ్యాషను ఓడ మీద వచ్చింది. తాయారు మొగుడు కొండలరావు హార్బరులో కళాసీ. విదేశీ ఓడవాళ్ళు పారేసిన రంగుల పుస్తకమొకటి ఇంటికి పట్టుకొచ్చాడు. ఆకులు రాలే కాలానికని అక్కడి దొరసానులు వేదికలెక్కి నడిచి చూపించిన బట్టల బొమ్మలు అందులో ఉన్నాయి. వాళ్ళకి ఆ నెలల్లో ఆకులు రాలతాయట. మనకి ఆ నెలల్లో తుఫానొస్తే చెట్లే పడతాయి గాని ఆకుల సంగతి ఎవడికి కావాలి?

బజారులో కుట్టుమిషను పెట్టుకున్న ఖయ్యూం ఆ బొమ్మ చూసి నవ్వాడు. "ఇది చలిదేశం కటింగు బేటీ. మనూళ్ళో ఏసుకుంటే ఉడికిపోతావు" అన్నాడు. ఆమె తెచ్చిన ఆది జాకెట్టుకి పొట్టి చేతులే ఉన్నాయి కాబట్టి కొలవడానికి టేపు తీయబోతే, తాయారు రెండడుగులు వెనక్కి వేసి, ఇంటి దగ్గరే చేతి పొడవుకి ముడేసి తెచ్చిన దారం బల్ల మీద పెట్టింది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మొదట్లో నవ్విన చిలకమ్మే మొన్న వినాయక చవితికి అలాంటి జాకెట్టు కుట్టించుకుంది. ఒక్క పూట వేసుకునేసరికి ఒళ్ళంతా చెమటకాయలు లేచి, విప్పి పెట్టెలో పడేసింది. సరదా అయితే ఎవరికైనా ఒక్క పూటే. తాయారుకది సరదా కాదు.

పెళ్ళయిన ఏడాదికి ఆమె మోచేతి దగ్గర మినపగింజంత తెల్లమచ్చ లేచింది. బొల్లి. నాటుమందని బావంచాల నూనె రాస్తే పొక్కులెక్కి మచ్చ ఇంకా పెద్దదైంది. పెద్దాసుపత్రి డాక్టరు, అది అంటుకునేది కాదనీ, ప్రాణానికి భయం లేదనీ, తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పాడు. ఇప్పుడు రెండు చేతులూ, మెడా తెల్లబడ్డాయి. కొండలరావుకి తెలుసు. అత్త రామలక్ష్మమ్మకి తెలియదు. తెలిస్తే ఏమవుతుందో తాయారు రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది.

అత్త సొంతూరు పద్మనాభం నుంచి వచ్చి పెరుగమ్మే సన్యాసమ్మకి పెదాల మీదా, వేళ్ళ మీదా బొల్లి. సొంతూరి మనిషి కదా, మొహం మీద వద్దనలేక రామలక్ష్మమ్మ పెరుగు పోయించుకునేది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే కోడలి చేతికి గిన్నె ఇచ్చేది.

"కాలవలో పోసీ. ఆ సేతి పెరుగు తింతే మనకీ ఎక్కుద్ది. ఏ పాపం సేసుకుందో."

ఆ పొడుగు చేతులతోనే తాయారు పోసొచ్చేది.

ఆ పొద్దున్న తాయారు కుళాయి దగ్గర్నుంచి వచ్చి బిందె దించగానే అత్త సంబరంగా ఎదురొచ్చింది. "శుక్రవారం నీ సీమంతం. పేరంటాళ్ళు మెడకి, సేతులకి గంధం రాత్తారు, మోసేతి దాకా గాజులు తొడుగుతారు. ఆ రోజుకి ఈ కోటూ గీటూ కుదరవు. పొట్టి సేతుల జాకెట్టు తీసి ఉంచుకో."

తాయారు గోడకి ఆనుకుంది. "నాకు సీమంతం వొద్దత్తా."

"ఏటన్నావు?"

"వొద్దన్నాను."

"ఊరికి కబురంపీసేను. నాకున్నది ఒక్క కొడుకు. నీకిది తొలిసూలు. సీమంతం నేకుండా బిడ్డని కంటావా? ఫ్యాషనుకి అడ్డమొచ్చిందేటి నా మనవడి ముచ్చట?"

"వొదిలీయమ్మా," అన్నాడు కొండలరావు, డ్యూటీకి బయల్దేరబోతూ.

"నువ్వూరుకో. దాని కొంగట్టుకు తిరగడమే గాని ఏనాడైనా ఓ మాట గట్టిగా అన్నావా? కారణం సెప్పమను."

తాయారు మణికట్టు దగ్గర గుండీ తీసింది. తర్వాత దాని పైది. చేయి మోచేయి దాకా మడిచి అత్త ముందు చాపింది.

రామలక్ష్మమ్మ చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగే తాయారుకి గుండెలో దిగబడింది.

"కొండలూ, నీకు తెలుసా?"

"ఆ పుస్తకం నాను తెచ్చింది ఇందుకేనమ్మా."

"ఇద్దరూ కలిసి నా కళ్ళు కప్పేర్రా," అందామె. గొంతు పైకి లేవలేదు. "పుట్టబోయేదానికి ఒత్తేనో?"

"డాక్టరు రాదన్లేదు, ఒస్తాదన్లేదు," అంది తాయారు.

రామలక్ష్మమ్మ దండెం మీద ఆరేసిన తన పాత జాకెట్టు లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయింది.

తాయారు అటక మీది ట్రంకుపెట్టె దింపించి బట్టలు సర్దుకుంది. కొండలరావు ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. గడపలో కూర్చున్నాడు. వెళ్ళొద్దని ఏ మొహంతో అంటాడు? శుక్రవారం వచ్చే జనాన్ని ఏం చెప్పి ఆపగలడు? అందరూ చూశాక ఆ వీధిలో ఎవరు ఆమె చేతి మంచినీళ్ళు తాగుతారు?

దీపాలు పెట్టే వేళకి రామలక్ష్మమ్మ వచ్చింది. పెట్టె చూసింది.

"ఎక్కడికే?"

"మాయమ్మ కాడికి."

"శుక్రవారం పొద్దున్నకి ఇత్తానన్నాడు ఖయ్యూం."

"ఏటత్తా?"

"నా జాకెట్టు. నీలాటిదే, గడ్డం కాడికి. నా ఆది సూసి, ఈ వయసులో మీకెందుకమ్మా అని ఒకటే నవ్వు. కోడలు ఏసుకుంతే అత్త ఏసుకోకూడదేటన్నాను." కోడలి పక్కన నేల మీద కూలబడింది. "సన్యాసమ్మ పెరుగు ఎన్నిమార్లు నీ సేతే పారబోయించేనే. పోత్తన్నప్పుడల్లా నీ కడుపెంత మండుంటాదో. ఒక్కనాడూ పలకలేదు కదే నువ్వు."

తాయారు ఏడ్చింది. రామలక్ష్మమ్మ ఆ తెల్లటి చేతిని పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. పెట్టె మళ్ళీ అటకెక్కింది గాని మచ్చలు ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం, జుట్టు నెరిసిన రామలక్ష్మమ్మ గడ్డం దాకా కాలరుతో గుమ్మంలో నిలబడితే పేరంటాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్వనిచ్చింది.

"మా ఇంట్లో ఇదే ఫ్యాషను. గంధం బుగ్గలకీ పాదాలకీ రాయండి. గాజులు జాకెట్టు సేతుల మీంచే తొడగండి," అంది. అత్తాకోడళ్ళకి పిచ్చి ముదిరిందని చెప్పుకుంటూ అందరూ అలాగే చేశారు.

సన్యాసమ్మని మాత్రం పిలవలేకపోయింది. అంత ధైర్యం ఆమెకి రాలేదు. సన్యాసమ్మ వాకిట్లోనే పెరుగు పోసి వెళ్ళింది. ఆ గిన్నె ఆ రోజు కాలవ దగ్గరికి వెళ్ళలేదు.

చివరి గాజు అత్తగారే తొడగాలి. రామలక్ష్మమ్మ కోడలి కుడిచేయి పట్టుకుని ఆగిపోయింది. చూపుడువేలి కణుపు మీద నువ్వుగింజంత తెలుపు ఉంది.

"ఎప్పట్నించే?" అంది పెదాలు కదపకుండా.

"మొన్నట్నించి."

ఏ దేశపు ఫ్యాషనైనా చేతులు మణికట్టు దగ్గరే ఆగిపోతాయి. రామలక్ష్మమ్మ గిన్నెలోంచి గుప్పెడు గంధం తీసి కోడలి వేళ్ళ మీద మందంగా మెత్తింది.

"సేతికంత గంధమేటి పిన్నీ?" అంది చిలకమ్మ.

"సలవ సేత్తాదని," అంది రామలక్ష్మమ్మ. ఆమె కళ్ళు నిండిపోయాయి. మనవడొస్తున్నాడన్న ఆనందమని అంతా అనుకున్నారు.

పాట ఎత్తుకున్నారు. ఉక్కకి గంధం తొందరగా ఆరిపోయి అంచుల్లో పగిలింది, పొడిపొడిగా చీర మీద రాలడం మొదలెట్టింది. రామలక్ష్మమ్మ తన చేతి గుండీ విప్పి, కోడలి చేతిని ఒళ్ళోకి తీసుకుని, తన జాకెట్టు చేతి అంచుని కిందికి లాగి దాని మీద కప్పింది.