బొంబాయి నుంచి లండన్ ఎంతసేపు?

"బొంబాయి నుంచి లండన్‌కు విమానంలో ఎంతసేపు పడ్తాది?"

మామిడికాయల గంపతో మేనత్త ఇంటి గడప దాటబోతున్న మద్దిలేటి, ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు. అడిగింది మరదలు ఓబులమ్మ. బనగానపల్లె నుంచి బస్సులో దుమ్ము కొట్టుకుపోయి అతను కడపకు వచ్చింది ఈ పిల్లను చూడ్డానికే. పిల్ల మాత్రం కళ్లు ఇంతింత చేసుకుని పక్కింటి చెన్నకేశవులును చూస్తోంది.

చెన్నకేశవులు లండన్‌లో డాక్టరు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం. మండుటెండల్లో టై కట్టుకున్న మనిషిని మద్దిలేటి అంతవరకూ చూడలేదు. చూసినందుకు సంతోషించనూ లేదు.

"నాలుగున్నర వేల మైళ్లు. ఆడాడ దిగుతా పోతే ఒక రోజు పైనే," అన్నాడు చెన్నకేశవులు.

"లోపల ఉడుకుగా ఉంటాదా? కుదుపులు ఎక్కువా?"

ఎన్ని ప్రశ్నలు! తన తోట ఎంత దూరమని ఈ పిల్ల ఒక్కనాడైనా అడిగిందా? 

"విమానంలో శానామందికి వాంతులయితాయంట," అన్నాడు మద్దిలేటి గంప దించుతూ.

"నువ్వు కర్నూలు బస్సులోనే కిటికీ వదలవు గదా బావా!" ఓబులమ్మ పకపకా నవ్వింది.

చెన్నకేశవులూ నవ్వాడు. అది మాత్రం భరించడం కష్టమైంది.

కాసేపటికి ఓబులమ్మ ఖాళీ బుట్ట తెచ్చింది. "బావా, గట్టి కాయలు ఏరి దీంట్లో సర్దు. చెన్నకేశవులుకు ఇయ్యల్ల."

"నా తోట కాయలు ఆయప్పకెందుకు?"

"పని ఉండాదిలే," అంటూ సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

ఆ సిగ్గు ఎవరి కోసమో మద్దిలేటికి అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు. బుట్టలో గడ్డి పరిచి, మాగి మెత్తబడిన కాయలన్నీ అడుగున పెట్టి, పైన మాత్రం నాలుగు గట్టివి పేర్చాడు. లండన్ చేరేసరికి దొరగారి చొక్కాలు రసంలో మునగాలి!

సాయంత్రం అతన్ని సాగనంపడానికి అందరూ కడప స్టేషన్‌కు వచ్చారు. బొంబాయి రైలు వచ్చి ఆగింది. చెన్నకేశవులు బుట్టతో పెట్టె ఎక్కాడు. ఓబులమ్మ తండ్రి సుబ్బయ్య మద్దిలేటి భుజం మీద చెయ్యి వేశాడు.

"సంత దాటని కాయలు పండించేటోనికి పిల్లనెట్ల ఇస్తునని అంటినప్పా. అవి చెడకుండా లండన్ చేరితే ఇస్తావా అని నీ మరదలు పట్టుబట్టె. సరేనంటి."

మద్దిలేటి ఒక్క గెంతులో పెట్టె ఎక్కి బుట్ట లాక్కుని ప్లాట్‌ఫారం మీద కుమ్మరించాడు. మెత్తటి కాయలు చితికి అందరి కాళ్ల మీద చిందాయి.

"ఏమైందిరా?" అన్నాడు సుబ్బయ్య.

"మాగిన కాయలు నేనే పెడితి మామా. ఈ పిల్ల ఆయప్పతో ఎగిరిపోతాదనుకుంటి. కుళ్లుకుంటి."

ఓబులమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నేనడిగింది నీ కాయల కోసరం బావా! విమానంలో మాగిపోతాయేమోనని భయమయ్యె."

రైలు కూత వేసింది. దొరికిన నాలుగు గట్టి కాయలూ మద్దిలేటి కిటికీలోంచి చెన్నకేశవులు చేతిలో పెట్టాడు. రైలు కదిలిపోయింది. ఇక సుబ్బయ్య మొహం చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

సుబ్బయ్య కండువాతో కాళ్లు తుడుచుకున్నాడు.

"అవి లండన్ చేరిందాకా ఆగితే, ఈలోపల వీడు ఇంకెవర్ని చూసి కుళ్లుకుంటాడో! పదమ్మా, పంతులింటికి పోదాం. ముహూర్తం ఇప్పుడే పెట్టించల్ల."