పెరట్లో ఏరు

“కాస్త పక్కకి జరుగుతారాండీ? మీరు మొలలోతు నీళ్ళలో నిలబడ్డారు.”

లోవరాజు ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. కాళ్ళ కింద చుక్క నీరు లేదు. ఎండకి నెర్రెలు విచ్చిన పెరటి నేల, దాని మీద పిండితో గీసిన పెద్ద గుండ్రటి గీత, ఆ గీత లోపల తన పాదాలు. గీతకి అవతల, చేతిలో ముగ్గుచిప్పతో ఒక అమ్మాయి.

“ముగ్గు తొక్కేసేనా? తప్పయిపోయిందండి.”

“ముగ్గు కాదండి, కొలను. నాన్న రమ్మన్న మేస్త్రీ మీరేనా?”

“ఆయ్, నేనేనండి. గన్నవరం నుంచి వచ్చేను. ఇది... కొలనాండీ?”

అంటూ నవ్వు ఆపుకోబోయాడు. ఆగలేదు. మనిషి బాగానే ఉన్నాడనీ, ఆ నవ్వే బాగాలేదనీ బంగారమ్మ అప్పటికప్పుడే తేల్చేసింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన రెండేళ్ళకి జరిగిన సంగతి ఇది. అప్పటికి కోనసీమకి కాలవలు కొత్త, వాటిల్లో పడవల్ని ఎత్తి దింపే లాకులు కొత్త. మేస్త్రీలకి మాత్రం ఎక్కడలేని గిరాకీ. బంగారమ్మ తండ్రి నూకయ్య రాజోలుకి దిగువన, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఉండేవాడు. సొంత పడవలున్న మనిషి. గన్నవరంలో ఏటి మీంచి కాలవని దాటించే వంతెన కట్టినప్పుడు ఇటుకా సున్నమూ మోసినవి ఆయన పడవలే. లోవరాజుని ఆయన చూసింది అక్కడే. కొత్తపేట వైపు పడవలు కట్టేవాళ్ళ అబ్బాయి. ఎక్కడో దూరపు చుట్టం కూడా. ఏం వరసో మాత్రం ఎవరూ తేల్చుకోలేదు.

కొలను కావలసింది నూకయ్య తల్లి వీరమ్మకి. ఒకప్పుడు ఆవిడ పడవ వెనకాలే ఈదుతూ వశిష్ఠ దాటేసేదని ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక ఏరు చూడటం కూడా కరువైంది. దానికి తోడు ఏటిగట్టుని ఎత్తు చేశారు. మంచం మీద మోసుకెళ్ళినా అటు దింపడం కష్టమైంది. బంగారమ్మ రోజూ ఏటినీళ్ళు కుండలతో తెచ్చి స్నానం చేయించేది.

“కుండలో పోస్తే ఏరు ఏరవుద్దేటే?” అనేది వీరమ్మ. ఈ మధ్య ఆ మాట అనడం కూడా మానేసింది. అన్నం కూడా సరిగా తినడం లేదు. ఇరవయ్యేళ్ళ బంగారమ్మకి దిగులు పట్టుకుంది. అందుకే ఏటినే పెరట్లోకి తెద్దామని పట్టుబట్టింది.

“గుంట తవ్విస్తే సరిపోద్ది కదండీ?” అన్నాడు లోవరాజు.

“బురదలో నాయనమ్మ కాలు దిగబడిపోద్దండి. అడుగున ఇటుక పరవాలి. మెట్లు పనికిరావు. పీట మీద కూచోబెట్టి దింపడానికి వాలుగా ఉండాలి. ఎడంచేత్తో పట్టుకోడానికి పక్కన వెదురు కట్టాలి. నీళ్ళు ఓ పక్కనించి వచ్చి ఓ పక్కకి పోవాలి. నిలవనీళ్ళంటే ఆవిడకి పడదు.”

లోవరాజు నవ్వు ఈసారి దానంతటదే ఆగింది.

“బాగానే ఆలోచించేరండి. పెరటి పక్కన పారే బోదెకి చిన్న తూము పెట్టి కాలవ నీళ్ళు తీసుకోవచ్చు, అవీ గోదారి నీళ్ళే. అయితే గుండ్రంగా వద్దు. లాకు గోడల్లాగ తిన్నగా, నాలుగు పలకలుగా కడదాం. ఇంజనీరు దొర ప్లానులో గుండ్రాలుండవండి.”

“ఇది దొర పెరడు కాదండి.”

“కట్టేది నేను కదండీ!”

నూకయ్య మేస్త్రీ మాటకే ఓటేశాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు. తొలకరిలోపు పని అయిపోవాలి. కాకపోతే గొయ్యి పూడ్చేయాలి. వరదల రోజుల్లో ఇంటి పక్కన అంత గొయ్యి పెట్టుకుని తాను నిద్రపోలేనన్నాడు. లోవరాజుకీ తొందరే ఉంది. బెజవాడలో కృష్ణకి ఆనకట్ట కడుతున్నారు. మృగశిర రాగానే అక్కడ ఉండాలి.

పని మొదలైంది. కోనసీమలో నేల తవ్వడం తేలికే, తవ్విన గొయ్యి పొడిగా ఉంచడమే కష్టం. నిలువు లోతు దాటకుండానే ఊట తన్నుకొచ్చింది. ఒక పక్క ఏతాంతో తోడుతూ, ఇంకో పక్క బంకమట్టి దట్టించి, పైన ఇటుక పరిచారు. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపిన గానుగ సున్నం వాసన ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

వీరమ్మ మంచం పెరటి అరుగు మీదికి మార్పించుకుంది. ఆవిడకి పొద్దుపోతోంది. పొద్దు ఎక్కడ పోతోందో తెలియనిది బంగారమ్మకే. మజ్జిగ ఇవ్వడానికి ఒకసారి, చెంబు తీసుకోవడానికి ఇంకోసారి, ఏమీ పని లేకుండా మరోసారి గొయ్యి దగ్గరికి వెళ్ళేది.

“మూల కాస్త వంకరొచ్చినట్టుందండి,” అనేది.

“మీరు వంకరగా నిలబడి చూస్తన్నారండి,” అనేవాడు అతను, తలెత్తకుండానే. తరవాత తలెత్తి చూసేవాడు. ఆ చూపు మూల మీద ఉండేది కాదు.

ఒకటే చిక్కు. బంగారమ్మ పిలవగా విని అతను కూడా వీరమ్మని “నాయనమ్మగారూ” అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా బంగారమ్మకి ఒళ్ళు మండేది. నాయనమ్మ మనవడంటే తనకేమవుతాడు? ఈ మాత్రం కూడా తెలియదా ఈ మనిషికి? ఒకరోజు కోపం ఆపుకోలేక, “అన్నయ్యగారూ, మజ్జిగ,” అని చెంబు ఠంగుమని పెట్టి వెళ్ళిపోయింది.

లోవరాజు ఆ మజ్జిగ తాగలేదు. ఆ పూటంతా ఒక్క ఇటుక కూడా తిన్నగా పేర్చలేకపోయాడు.

రోహిణి కార్తె మొదట్లో, గోడలు పైకి లేచాక, మిట్టమధ్యాహ్నం గాలివాన వచ్చింది. కొబ్బరిచెట్లు నేలకి వంగి లేచాయి. వాన వెలిసేసరికి పొడుగు గోడ లోపలికి పొట్టలా ఉబ్బి, చూస్తూండగానే నడిమికి విరిగి గోతిలో పడిపోయింది. మనుషులెవరూ లోపల లేరు, అంతవరకు నయం.

నూకయ్య వచ్చి చూశాడు. కేకలు వేయలేదు.

“పోనీలే అబ్బాయ్. రేపు మనుషుల్ని పెట్టి పూడిపించేస్తాను. నువ్వు బెజవాడ వెళ్ళు,” అన్నాడు.

అరుగు మీద వీరమ్మ ఇంటి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట గంజి కూడా ముట్టలేదు.

మర్నాడు పొద్దున బంగారమ్మ పెరట్లోకి వచ్చేసరికి లోవరాజు ఇటుకల కుప్ప మీద కూచుని ఉన్నాడు. గోతిని కాదు, దాని పక్కనున్న నూతిని చూస్తున్నాడు.

“ఇంకా వెళ్ళలేదాండీ?” అంది. “మీకేం, వెళ్ళిపోతారు. నేను రేపు నాయనమ్మకి మళ్ళీ కుండలు మోస్తాను.”

“ఈ నుయ్యి ఏనాటిదండీ?”

“మా ముత్తాత తవ్వించేరట. ఇప్పుడదెందుకు?”

“ఇన్ని వానలకి, ఇన్ని వరదలకి కూలలేదు. ఎందుకో తెలుసాండీ? గుండ్రంగా ఉంది. మట్టి ఎటు నెట్టినా ఇటుకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని బిగిసిపోతాయి. నేను కట్టిన తిన్నటి గోడకి ఆనుకోడానికేం లేదు. లాకు గోడలు మోటుగా, ఇంత మందాన కడతాం కాబట్టి నిలబడతాయి. రోజూ ఈ నూతినీళ్ళే తాగుతూ ఈ సంగతి నాకు తట్టలేదు. మీ ముగ్గే సరైందండి. ఆ రోజు నేను నవ్వకుండా ఉండవలసింది.”

గెలిచినందుకు బంగారమ్మ ఎగరాలి. ఎందుకో ఎగరాలనిపించలేదు.

“నాకు ఇటుకల సంగతి తెలీదండి. మూలలుంటే నాయనమ్మకి తగులుద్దని గుండ్రంగా గీసేను, అంతే. మళ్ళీ కడితే తొలకరికి అవుద్దా?”

“మీ నాన్నగారు ఒప్పుకుంటే అవుద్దండి. బెజవాడ ఎక్కడికీ పోదు. కూలి కూడా అడగను. పడగొట్టింది నేనే కదా.”

నూకయ్యని ఒప్పించడానికి వాళ్ళు మాటలు వెతుక్కుంటూండగానే అరుగు మీంచి వీరమ్మ గొంతు వినిపించింది. “నూకా! పూడిపిస్తే నన్ను కూడా అందులోనే పెట్టి పూడిపించు.” పూడ్చడానికి పిలిపించిన మనుషుల్నే నూకయ్య ఇటుకలు ఏరమన్నాడు.

విరిగిన ఇటుకలు ఏరారు. మూలలు తీసేశారు. గోడ గుండ్రంగా తిరుగుతూ లేచింది. బంగారమ్మ కొంగు దోపుకుని కరక్కాయలు నానబెట్టడం, సున్నంలోకి బెల్లం నీళ్ళు పోయడం తన మీద వేసుకుంది. వానలు ఒకటి రెండు పడ్డాయి. గోడ కదల్లేదు.

వాలు పూర్తయిన రోజున లోవరాజు అరుగు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. చెవుల దాకా సున్నం అంటుకుని ఉంది.

“వాలు ఎంత ఏటవాలుగా ఉందో ఒక్కసారి చూసి చెబుతారాండీ, అమ్మమ్మగారూ?”

వీరమ్మ తల పక్కకి వంచి చూసింది, వాలు వైపు కాదు, అతని వైపు.

“నిన్నటిదాకా నాయనమ్మని కదరా! రాత్రికి రాత్రి అమ్మమ్మనెలా అయిపోయేను?”

సున్నం కింద అతని మొహం ఎర్రబడింది. “అమ్మమ్మ అనే పిలవాలనుందండి. మీకు... మీ ఇంట్లోవాళ్ళకి అభ్యంతరం లేకపోతే.”

పక్కనే కరక్కాయలు దంచుతున్న బంగారమ్మ రోకలి ఆగిపోయింది. తనకి నాయనమ్మ, అతనికి అమ్మమ్మ. లెక్క కట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఇంట్లోవాళ్ళంటే ఎవరే బంగారీ? నీకేమైనా అభ్యంతరమా?” అంది వీరమ్మ.

“నాకేం తెలుసు నాయనమ్మా! బావగారినే అడుగు,” అని రోకలి అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

మృగశిర వానలు పట్టకముందే తూము తలుపు ఎత్తారు. బోదె నీళ్ళు గలగలమంటూ కొలనులోకి దిగి, అవతలి కంతలోంచి కొబ్బరితోటలోకి పారాయి. వీరమ్మని పీట మీద కూచోబెట్టారు. లోవరాజు పైన నిలబడి పీటకి కట్టిన తాడు వదులుతుంటే, బంగారమ్మ నీళ్ళలో పక్కనే నడిచింది. నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి, నడుముకి వచ్చాయి. వీరమ్మ ఎడంచేత్తో వెదురు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

తరవాత వెదురు వదిలేసింది.

వెనక్కి వాలి, పీట మీంచి జారి, నిలువు లోతున్న వైపు వెళ్ళిపోయింది. అది తేలడం అని బంగారమ్మకి తెలుసు. లోవరాజుకి తెలియదు. మునిగిపోతోందనుకున్నాడు. తాడు పారేసి దభీమని దూకాడు. దూకినవాడు దూకినట్టే కిందికి పోయాడు. ఒక చెయ్యి పైకొచ్చింది, బుడగలొచ్చాయి, మనిషి రాలేదు.

వెల్లకిలా తేలుతున్న వీరమ్మే ఎడంచేత్తో అతని జుట్టు ముడి పట్టుకుంది. బంగారమ్మ ఒక్క బార ఈది వచ్చి చంక కింద చెయ్యేసి లాగింది. ఇద్దరూ కలిసి అతన్ని వాలు మీదికి చేర్చారు.

“ఏరా! ఈత రాదా నీకు?” అంది వీరమ్మ.

“రా...దండి,” అన్నాడు దగ్గుతూ.

“లాకులు కట్టేవాడివి! పడవలోళ్ళ పిల్లాడివి!”

“కట్టేటప్పుడు నీళ్ళుండవు కదండీ.”

అప్పటిదాకా గట్టున బిగుసుకుపోయి చూస్తున్న నూకయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుకి వచ్చిన నీళ్ళో, ఇంకెందుకు వచ్చిన నీళ్ళో ఆయన చెప్పలేదు. “ఈత రాకపోయినా మా అమ్మ కోసం దూకేడు. నేను ఇంకేం చూడాలి? బంగారీ, ఏమంటావు?” అన్నాడు.

బంగారమ్మ అతని జుట్టులోంచి నీళ్ళు పిండుతోంది. ఆ పని ఆపకుండానే తల ఊపింది.

“ఆగండాగండి,” అంది వీరమ్మ. “ఈత రానివాడికి మన పిల్లనెలా ఇస్తాం? ముందు నేను నేర్పుతాను. ఈ చివర్నించి ఆ చివరికి ఈదాకే ముహూర్తం.”

ఆ కొలను పెద్దదేం కాదు. అయినా దాన్ని దాటడానికి లోవరాజుకి శ్రావణం దాకా పట్టింది. వీరమ్మ పీట మీద కూచుని తిట్టేది. “కాళ్ళు కొట్టరా, కాళ్ళు! ఇటుకలనుకుంటున్నావా?” ఆ తిట్లతో పాటే ఆవిడకి ఆకలి కూడా మళ్ళీ పుట్టింది. పూటకి రెండుసార్లు అన్నం పెట్టించుకునేది.

శ్రావణంలో ఒక ముసురు పట్టిన పొద్దున లోవరాజు ఈ చివర దిగి, నానా తంటాలు పడి, సగం నీళ్ళు తాగి, ఆ చివర గోడ పట్టుకున్నాడు. అక్కడ బంగారమ్మ వంగి చెయ్యి అందించింది.

“పెళ్ళి కాగానే ప్రయాణం కావాలేమోనండీ, బెజవాడకి?” అంది మెల్లిగా, కొలను అవతల ఉన్న నాయనమ్మ వైపు చూస్తూ.

“లేదండి. రానని పోయిన నెలే కబురు పంపేసేను. రాజోలు కాలవ పని ఇచ్చేరు. ఇక్కడే.”

“నెలయిందా! నాకు చెప్పలేదేం?”

“ఈతొచ్చేక చెబుదామనుకున్నానండి.”

“రాకపోయుంటే?”

లోవరాజు ఇంకా ఆయాసపడుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

“ఇక్కడే మునిగిపోదామనుకున్నానండి,” అన్నాడు.