టీవీ వెనక రెండు వేళ్ళ సందు

టీవీ కొనేటప్పుడు ముందు వైపు చూడకూడదండీ. ఈ మాట నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎంతమందికి చెప్పి ఉంటానో నాకే లెక్కలేదు. నేను పదో తరగతితో పుస్తకాలు మూసేసి మోటార్ల రివైండింగు పనిలో పడ్డవాణ్ణి. కాలిన మోటారు నా ముందు పెడితే విప్పనక్కర్లేదు, అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపల ఎక్కడ తీగ మాడిందో చెప్పేస్తాను. టీవీ అయినా అంతే. బొమ్మదేముంది, ఎవడైనా చూపిస్తాడు. చిలకలూ, చేపలూ, జలపాతాలూ. మనం దాని వీపు నిమిరి చూడాలి. అంతా ఒకేలా గోరువెచ్చగా ఉంటే మంచి సరుకు. ఒక మూల చురుక్కుమందంటే, వారంటీ అయిపోయిన మర్నాడే మనల్ని ఏడిపిస్తుంది.

ఈ విద్యకి తోడు నాకు బేరం పిచ్చి. కొనేది లేకపోయినా బేరమాడతాను. దుకాణం వాడి మొహంలో నవ్వు తగ్గుతూ, మన మొహంలో పెరుగుతూ ఉంటుంది చూశారూ, ఆ కాసేపూ నాకు భోజనం కూడా గుర్తురాదు.

ఆ రోజు నా సొంత టీవీ కోసమే బయల్దేరాను. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింట్లో రెండు రోజులుండి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పోరు.

"వాళ్ళ టీవీలో వార్తలు చదివే అమ్మాయి పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. మన టీవీలో ఆ అమ్మాయికి ముక్కుందన్నది నమ్మకం మీద చూడాల్సి వస్తోంది" అంది.

ఆ చెల్లెలి మొగుడు, అంటే నా తోడల్లుడు, వడ్రంగి. మంచి పనివాడు. కొలత టేపు జేబులో లేకుండా స్నానానికి కూడా వెళ్ళడని ఇంట్లో అందరం వాణ్ణి టేపు అనే పిలుస్తాం. నా కన్నా పన్నెండేళ్ళు చిన్న. మా గోడకి చెక్క బల్ల వాడే చెయ్యాలి కాబట్టి వెంటబెట్టుకెళ్ళాను. మధ్యాహ్నం మూడయింది. మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, మా ఆయన్ని అయిదింటికల్లా పంపించెయ్యండి. రేపు పెద్ద పని ఉంది, తలుపులు పన్నెండు. మీ బేరంలో పడితే మీకు పొద్దు తెలీదు."

"పువ్వులా తెచ్చి అప్పజెప్తానమ్మా" అన్నాను.

దారిలో టేపు నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "యాభై అయిదు ఇంచులది పెడితే మీ గోడకి ఊపిరాడదు అన్నయ్యా."

"మీ ఇంట్లో ఉన్నది నలభై మూడే కదా. ఊపిరాడనిది గోడకా, నీకా" అన్నాను. వాడు పకపకా నవ్వాడు. కుడి చేత్తో నా వీపు మీద ఒక్కటి చరిచాడు. చెక్క నునుపు చేసే రందా పట్టీ పట్టీ ఇనుపముక్కలా అయిపోయిన చెయ్యి. నాకు గుండె దాకా కదిలింది.

దుకాణం మూడంతస్తులు. కింద జనం, పిల్లలు, ప్రతి గోడ మీదా అవే చేపలు. నేను ఒక్కో టీవీ వెనక చెయ్యి పెట్టి, పెదవి విరిచి, ముందుకి జరుగుతున్నాను. అప్పుడొచ్చాడు ఒక సేల్స్‌మన్. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. మెడలో కార్డు తిరగబడి ఉంది.

"సార్, మీరు ఇందాకటి నుంచీ చూస్తున్నారు. పైన ఒక పీసుంది. డిస్‌ప్లేకి పెట్టింది. యాభై అయిదు. రేటులో తేడా ఉంటుంది" అన్నాడు.

తేడా అన్న మాట వింటే నా కాళ్ళు నా మాట వినవు.

మూడో అంతస్తులో మనుషుల్లేరు. కిటికీలకి అడ్డంగా ఖాళీ అట్టపెట్టెలు పేర్చేశారు. అంత ఎండ పూట అక్కడ సాయంత్రంలా ఉంది. నేల మీద థర్మోకోలు ముక్కలు మా చెప్పుల కింద కిర్రు కిర్రుమంటున్నాయి. గది చివర, తెల్లటి గోడ మీద, ఒక్కటే టీవీ. దాన్లో జలపాతం. నీళ్ళ చప్పుడు గదంతా నిండి ఉంది. ఆ చప్పుడు అడుగున ఇంకో చప్పుడు ఏదో ఉందనిపించింది. దాహమేసిన మనిషి గుటకలు వేస్తుంటే వస్తుందే, అలాంటిది. దగ్గరికి వెళ్ళేకొద్దీ వాసన. తడిసి ఆరని గోనెసంచి వాసన.

బొమ్మ మాత్రం అద్భుతం. రాళ్ళ మీద నాచు కూడా చేత్తో తీసుకోవచ్చు.

"నలభై వేలు సార్. కింద ఇదే డెబ్భై. ఒకటే షరతు. ముందు నుంచి ఎంతసేపైనా చూసుకోండి. వెనక చెయ్యి పెట్టకండి. దింపడం, ప్యాకింగు, అన్నీ మా ఫిట్టరు చూసుకుంటాడు."

నేను టేపు వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. వెనక చూడొద్దన్నాడంటే లోపల ఏదో మాడిందన్నమాట. నేను చెయ్యి ఎత్తి, టీవీ పక్క అంచు వైపు పోనిచ్చాను. గోడకీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందుంది.

"ముప్పై అయిదు" అన్నాడు సేల్స్‌మన్.

ఆగాను. చెయ్యి దించాను. వాడు ఊపిరి వదిలాడు. మళ్ళీ ఎత్తాను.

"ముప్పై."

మీకెలా చెప్పను. ముప్పై ఏళ్ళ నా బేరాల్లో ఇంత హాయి ఎప్పుడూ లేదు. నోరు విప్పక్కర్లేదు, చెయ్యి కదిపితే రేటు దిగుతోంది. జానెడు దూరం, ఇరవై ఎనిమిది. బెత్తెడు దూరం, ఇరవై అయిదు. వాడి నుదుటి మీద చెమట. కళ్ళు నా మీద లేవు, ఆ సందు మీదే ఉన్నాయి. నా వేళ్ళు ఆ సందుకి అంగుళం దూరంలో ఆగాయి.

అప్పుడు నాకు తెలిసింది.

దాపరికం ఎందుకు, ఈ ముక్క పోలీసులకి కూడా చెప్పలేదు. నా వేళ్ళకి వేడి తగిలింది. అది మోటారు వేడి కాదు, కరెంటు వేడి కాదు. వస్తోంది... పోతోంది. వస్తోంది... పోతోంది. తడిగా.

నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. తీసుకుని ఊరుకున్నానా. రేటు ఇంకా దిగుతుందని నాకు తెలుసు. టేపుకి కన్ను కొట్టాను.

"ఆ సందెంతుందో కొంచెం కొలువు తమ్ముడూ. బల్ల చెయ్యాలి కదా" అన్నాను.

టేపు నవ్వాపుకుంటూ జేబులోంచి కొలత టేపు తీశాడు. వాడికీ ఆట అర్థమైపోయింది. కొలత పట్టీ కొసని రెండు వేళ్ళతో పట్టుకుని సందు దగ్గరికి పోనిచ్చాడు.

"ఇరవై" అన్నాడు సేల్స్‌మన్. "పదిహేను. సార్, పదివేలు."

టేపు వేలి కొస సందులోకి వెళ్ళింది.

"ఊరికే తీసుకెళ్ళండి సార్" అన్నాడు వాడు గుసగుసగా. "డబ్బులొద్దు. ఆయన్ని చెయ్యి తియ్యమనండి. మీకు దణ్ణం పెడతాను."

ఎవరికైనా ఆ మాటతో ఒళ్ళు చల్లబడాలి. నాకు మాత్రం గెలిచానన్న సంబరం తప్ప ఏమీ తోచలేదు. నేనేం అడిగానో తెలుసా.

"ఇంటికి చేర్చడం కూడా ఫ్రీయేనా" అన్నాను.

టేపు "అబ్బ" అన్నాడు. చిన్నగా, ముల్లు గుచ్చుకున్నట్టు. చూస్తే చెయ్యి మణికట్టు దాకా లోపలుంది.

రెండు వేళ్ళ సందులోకి వడ్రంగి చెయ్యి ఎలా పట్టింది? పట్టలేదు. ఆ సందే లోపలికి పట్టించుకుంది. ఎండు కంది కట్టె విరిచినట్టు చప్పుడు... ఒకటి... రెండు... వరసగా. టేపు కేక పెట్టలేదు. నోరు తెరిచి నా వైపు చూశాడు, గొంతులోంచి గాలి మాత్రం వస్తోంది. కొలత పట్టీ లోపలికి సర్రున జారిపోతోంది. అయిదు మీటర్ల పట్టీ. మొత్తం పోయింది. డబ్బా కూడా నలిగి పోయింది. ఆ వెనక ఉన్నది గోడండీ. అటు పక్క వీధి.

నేను వాడి నడుం పట్టి లాగాను. కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగాను. థర్మోకోలు మీద జారి పడ్డాను, లేచి మళ్ళీ లాగాను. సందులోంచి నెత్తురు బొటబొటా కారడం మొదలైంది. కారి నేల మీద పడటంలేదు. సగం దాకా దిగి... ఆగి... వెనక్కి పైకి పోతోంది. గుటకల చప్పుడు ఇప్పుడు బాగా వినిపిస్తోంది.

సేల్స్‌మన్ పరిగెత్తలేదు. అరవలేదు. మెట్ల దగ్గర గోడ పెట్టెలో, అగ్నిప్రమాదాలప్పుడు తలుపులు పగలగొట్టే గొడ్డలి ఉంటుంది కదా, అది తీసుకొచ్చాడు. ఆ పెట్టెకి అద్దం ఎప్పుడో పోయింది. గొడ్డలి మాత్రం కొత్తగా సాన పట్టి ఉంది.

"ఇప్పుడైతే మణికట్టుతో పోతుంది. ఒప్పుకుంటారా" అన్నాడు.

"ఏం ఒప్పుకునేది? పట్టు, లాగుదాం."

"లాగితే రాదు సార్. చెప్పండి త్వరగా."

నా నోట్లోంచి వచ్చిన మాట విని నన్ను తిట్టుకోండి. "వేళ్ళతో సరిపెట్టలేవా" అన్నాను.

అలవాటు. ఎవరు ఎంత చెప్పినా అందులో సగం అడిగే నోరు ఇది. నేను ఆ మాట అని ముగించేలోపే పెటపెటమంటూ చెయ్యి మోచేతి దాకా వెళ్ళిపోయింది. టేపు చెంప టీవీ అంచుకి కొట్టుకుంది. పళ్ళు రెండు రాలి నా చొక్కా మీద పడ్డాయి.

"మోచెయ్యి సార్. ఇప్పుడు మోచెయ్యి."

"మణికట్టు అన్నావు కదయ్యా ఇందాక."

"అది ఇందాకటి మాట."

మళ్ళీ లాగింది. మోచెయ్యి దాటింది. చర్మం చొక్కా చేతిలా ముడతలు పడి సందు బయట కుప్పగా మిగిలింది. లోపలికి పోతున్నది తెల్లగా కనిపించింది. నేను వాడి ఎడం చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని వేలాడుతున్నాను. వాడి మొహం నా మొహానికి బెత్తెడు దూరంలో ఉంది. పెదవులు కదిలాయి.

"ఒప్పుకోండి అన్నయ్యా" అన్నాడు. "ఇంక బేరం వద్దు."

నేను తలూపాను.

గొడ్డలి మూడు సార్లు లేచింది. మొదటి దెబ్బకి ఎముక తెగలేదు. రెండో దెబ్బకి టేపు నా మీదికి ఊగాడు. మూడో దెబ్బకి ఇద్దరం వెనక్కి, అట్టపెట్టెల్లోకి, ఎగిరి పడ్డాం. వాడి భుజం దగ్గర్నుంచి నెత్తురు జల్లులా టీవీ నిండా పడింది. జలపాతం ఎర్రగా అయింది. మిగిలిన చెయ్యి, సందు బయట ఆ కాస్త ముక్క, ఒక్క క్షణం అలాగే ఉండి... అన్నం ముద్ద మింగినట్టు లోపలికి పోయింది. తెర మీద ఒక్క గీత పడలేదు.

సేల్స్‌మన్ బెల్టు తీసి వాడి భుజానికి బిగించాడు. "భుజం మిగిలింది సార్" అన్నాడు, మంచి రేటుకి ఇప్పించినట్టు.

ఆస్పత్రిలో టేపు బతికాడు. ఎలా బతికాడో డాక్టర్లకే తెలియదు. పోలీసులొచ్చి ఆ టీవీ దింపించారు. వెనక తెల్లటి గోడ. చెయ్యి లేదు, కొలత టేపు లేదు, నెత్తుటి చుక్క లేదు. సామాను ఎక్కించే లిఫ్టులో చెయ్యి పడిందని రాసుకున్నారు. సేల్స్‌మన్ అదే చెప్పాడు. నేనూ తలూపాను. మరి ఏం చెప్పమంటారు.

మరదలు నన్ను ఒక్క మాట అనలేదు. బావగారూ అని పిలవడం మాత్రం మానేసింది. వాళ్ళింటికి రోజూ వెళ్తాను, మాట్లాడించదు, కుర్చీ వేస్తుంది. చెయ్యవలసిన పన్నెండు తలుపులూ ఎవరో చేసి పట్టుకెళ్ళారు. రందా గూట్లో ఉంది. ఇంటి ఖర్చు సగం నేను చూస్తున్నాను, ఎవరూ అడగకుండానే. ఈసారి ఎంతని అడగలేదు నేను కూడా.

తెగిపోయిన చెయ్యి ఉన్నట్టే అనిపిస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నొప్పి పుడుతుంది, దురద పుడుతుంది, కంగారు పడొద్దన్నాడు. టేపుకి నొప్పి లేదట. మొదటి వారం ఎవరో ఆ చేతిని కడిగారని చెప్పాడు. వెచ్చటి నీళ్ళతో. తర్వాత విరిగిన వేళ్ళు ఒక్కొక్కటీ సరిచేశారట. ఆ పైన ప్రతి ఆదివారం గోళ్ళు తీస్తున్నారట, మెల్లిగా, కండ తెగకుండా. నేను మందుల ప్రభావమనుకుని ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం వెళ్ళాను. మరదలు వంటింట్లో ఉంది. టేపు మంచం మీద కూర్చుని, ఖాళీ చొక్కా చేతికేసి చూస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఇవాళ నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు అన్నయ్యా" అన్నాడు. "వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టి. వదలట్లేదు."

"ఎవరో తెలుస్తోందా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

వాడు తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు. జాలిగా చూశాడు.

"మీ చెయ్యి నేను గుర్తుపట్టనా" అన్నాడు. "మీదే."

నవ్వబోయి కిందికి చూసుకున్నాను. నా రెండు చేతులూ నా మోకాళ్ళ మీదే ఉన్నాయి. కుడి చేతి వేళ్ళు మాత్రం, మధ్యలో ఇంకెవరివో వేళ్ళు ఉన్నట్టు, ఎడం ఎడంగా వంగి బిగుసుకుని ఉన్నాయి.

చాపబోయాను.

రాలేదు.