ఒక్క నిమిషం లైన్లో ఉండండి

ఆదివారం భోజనాలయ్యాక అక్కగారింటికి బయల్దేరిన భార్య గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ కంప్యూటర్ సంగతి కాస్త చూడండి. పాప బొమ్మలేసుకుందామని కూర్చుంటే చాలు, ప్రకటనల మీద ప్రకటనలు. ఊరందరి కంప్యూటర్లూ బాగుచేస్తారు, మనింట్లో ఇదేం ఖర్మండీ?"

"నువ్వొచ్చేసరికి శుభ్రం చేసిపెడతాలే, వెళ్లిరా" అన్నాడు అతను.

ఆఫీసులో అతన్ని తేనెగొంతు అంటారు. ఫోన్లో జనానికి కంప్యూటర్ సాయం చేసే ఉద్యోగమని ఇంట్లోవాళ్లకు తెలుసు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని జనం తెరల మీదికి ఎర్ర డబ్బాలు పంపేది కూడా ఆ ఆఫీసే. లేని రోగానికి మందు అమ్ముకునే బేరం. హడలిపోయి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. వాళ్లను ఊరడించి, కుర్చీలోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, ఉన్నదంతా ఊడ్చే పని తేనెగొంతుది. ఆ పని చేసిన చేత్తోనే ఇంటికొచ్చి అన్నం తినేవాడు. అరక్కపోవడమంటూ ఎప్పుడూ లేదు.

హాల్లో కిటికీ పక్కనే కంప్యూటర్ బల్ల. బయట మబ్బు కమ్ముకొచ్చి, పట్టపగలే దీపం వేసుకోవాల్సి వచ్చింది. పాప పక్కన నిలబడి చూస్తుంటే అతను పనిలో పడ్డాడు. బొమ్మలు గీసే ప్రోగ్రామొకటి ఊరికే వస్తోందని పాప దించుకుంది. దాని చంకనెక్కి పిలవని చుట్టాలు చాలామందే దిగారు. వాటిని ఒక్కొక్కటే తీసేశాడు. బ్రౌజర్లో ఎవరూ పెట్టని ఎక్స్‌టెన్షన్లు పీకేశాడు. నోటిఫికేషన్లు పంపడానికి ఏయే సైట్లకు అనుమతి ఉందో వెతికి, అన్నిటికీ రద్దు చేశాడు. స్కాన్ చేస్తే ఏమీ లేదని వచ్చింది. మూసి మళ్లీ తెరిచాడు.

"చూశావా? నాన్నంటే ఏమనుకున్నావు!"

పాప చప్పట్లు కొట్టి, అతను లేచిన కుర్చీలోకి ఎక్కింది. అప్పుడే తెర మధ్యలో ఎర్ర డబ్బా తెరుచుకుంది.

'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. కుర్చీలోంచి కదలకండి. ఎవరికీ చెప్పకండి. మీ మనవడిలాంటి వాణ్ని, నా మాట వినండి.'

అతని చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. మొదటి మాటలు ఆఫీసువాళ్లు అందరికీ నేర్పేవే. ఆ 'మీ మనవడిలాంటి వాణ్ని' మాత్రం ఎవరూ నేర్పింది కాదు. అది అతను సొంతంగా కలుపుకున్నది. తెర మీద ఎప్పుడూ రాయలేదు. నోటితో అనేవాడు, అంతే.

ఆఫీసులో ఎవడో ఆటపట్టిస్తున్నాడని సర్దిచెప్పుకున్నాడు. లోపలి గదిలోకి వెళ్లి ఇంటర్నెట్ పెట్టె తీగ లాగేశాడు. తిరిగి వస్తుంటే నొప్పుల తైలం వాసన గుప్పున కొట్టింది. వాళ్లింట్లో ఆ తైలం వాడేవాళ్లెవరూ లేరు.

డబ్బా అలాగే ఉంది. కింద ఒక నంబరు కూడా వచ్చింది. పాప తెరకేసి చూస్తోంది... రెప్ప వేయకుండా.

"పాపా, లేమ్మా."

"కదలొద్దన్నారు నాన్నా" అంది పాప గుసగుసగా.

"ఎవరు?"

"బామ్మగారు."

చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. పాప కదల్లేదు. కుర్చీ కూడా కదల్లేదు. నిన్నటిదాకా భుజాల మీద మోసిన పిల్ల, నేలలో పాతేసినట్టుంది. చేతులు మంచు. పెదాలు ఎండిపోయాయి. కంప్యూటర్‌కీ బల్ల మీది దీపానికీ కలిపి ఉన్న ప్లగ్గు పీకేశాడు. దీపం ఆరింది గానీ తెర ఆరలేదు.

అప్పుడు తెర మీది ఆ నంబరు ఎవరిదో గుర్తొచ్చింది.

ఒంటరిగా ఉండే ముసలావిడ. ఎర్ర డబ్బా చూసి భయపడి ఫోన్ చేసింది. బేరం మధ్యలో ఉండగా, "బాబూ, మందు వేసుకునే వేళైంది. పక్క గదిలో ఉంది. లేచి తెచ్చుకోనా?" అని అడిగింది. "అయ్యో, కదిలితే అంతా పోతుంది బామ్మగారూ. మీ మనవడిలాంటి వాణ్ని. ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అన్నాడు. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. కేకు తినడానికి లేచి వెళ్లాడు. కబుర్లలో పడి, అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు మిగిలిన బేరం పూర్తిచేద్దామని తనే ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. "అమ్మ కుర్చీలోనే పోయిందండీ... ఫోన్ చెవి దగ్గరే ఉంది" అంటూ ఏడ్చాడు. తేనెగొంతు ఫోన్ పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం కూడా కడుపునిండా తిన్నాడు. ఇలాంటివాణ్ని ఏ నీళ్లు పోసి కడిగితే మాత్రం శుభ్రమవుతాడు!

"నాన్నా... దాహం."

పరుగున నీళ్లు తెచ్చి గ్లాసు నోటికి పెట్టాడు. పళ్లు విడివడలేదు. నీళ్లన్నీ గౌను మీద కారిపోయాయి. పాప ఊపిరి సన్నగా ఈల వేస్తోంది. ఇక ఆలోచించలేదు. తన ఫోన్ తీసి ఆ నంబరు నొక్కాడు.

ఎత్తారు. అవతల గోడగడియారం చప్పుడు. తైలం వాసన ఫోన్లోంచే వస్తోంది.

"బామ్మగారూ... నాదే తప్పు. కాళ్లు పట్టుకుంటా. పసిపిల్ల... వదిలెయ్యండి."

"కంగారు పడకు బాబూ." నెమ్మదైన గొంతు. తేనెలో ముంచి తీసినట్టుంది. "నేను ఎప్పట్నుంచో కూర్చునే ఉన్నాను. నడుము పడిపోయింది. నేను లేవాలంటే ఇంకొకళ్లు కూర్చోవాలి కదా?"

"నేను కూర్చుంటా! నన్ను కూర్చోబెట్టండి. పాపను లేవనివ్వండి."

"లేస్తుంది బాబూ. ఇప్పుడే లేస్తుంది. ఒక్క నిమిషం లైన్లో ఉండు. లైన్ కట్ చేశావో... అంతా పోతుంది."

తెర నల్లబడింది. పాప కదిలింది.

అతనికి ఏడుపొచ్చేసింది. "తల్లీ!" అంటూ చేతులు చాచాడు. పాప అతనికేసి చూడలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్లు కూడదీసుకుని, మూలుగుతూ లేచింది. నడుం మీద ఒక చెయ్యి వేసుకుంది. రెండో చేత్తో గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పక్క గదిలోకి వెళ్లింది. లోపల్నుంచి సొరుగులు లాగుతున్న చప్పుడు వచ్చింది.

"పాపా? ఏం వెతుకుతున్నావమ్మా?"

జవాబు గదిలోంచి రాలేదు. చెవి దగ్గరున్న ఫోన్లోంచి వచ్చింది.

"నాన్నా... ఇక్కడంతా చీకటి. నేను లేవొచ్చా?"

అది అతని పాప గొంతే. తొమ్మిదేళ్లుగా విన్న గొంతు. నేల మీద కూలబడ్డాడు. ఫోన్ మాత్రం చెవికి అదిమి పట్టుకున్నాడు.

"పెట్టెయ్యకమ్మా" అన్నాడు. "లైన్ కట్ చేయకు... కదలకు. ఎలాగైనా వచ్చేస్తా."

"నాన్నా..."

"ఉన్నా తల్లీ. ఇక్కడే ఉన్నా."

"ఇక్కడ చాలామంది ఉన్నారు నాన్నా. అందరూ ముసలివాళ్లే. కుర్చీల్లో కూర్చుని ఉన్నారు." పాప గొంతు తగ్గించింది. "నీ గొంతు వినగానే అందరూ నావైపు తిరిగారు."