ఎర్ర చుక్క పెట్టిన బోల్టు

“తొక్కరా పెళ్లికొడకా! తొక్కు!”

వెనక సీట్లోంచి అరుపు. ఆమె మెడ మీద చల్లగా తుపాకీ గొట్టం.

స్టీరింగ్ పట్టుకున్నది ఆమె భర్త. స్కూటర్ తప్ప ఏదీ ధైర్యంగా నడపని మనిషి. భార్యను ఇంటికి తీసుకెళ్దామని వర్క్‌షాపుకి వచ్చాడు, పాపం! ఇద్దరూ నవ్వుకుంటూ షట్టర్ దించుతుంటే ఈ దొంగ లోపలికి దూరాడు. భుజం నిండా రక్తం. ఒక చెయ్యి లేవడం లేదు.

రెండో చేతిలో తుపాకీ!

ఇద్దర్నీ ఎదురుగా కనబడ్డ, రేసుకని సిద్ధం చేసిన కారే ఎక్కించాడు. ఆమె తన చేతులతో కట్టిన మొదటి ఇంజిన్ ఉన్న కారు.

అద్దంలో పోలీసు జీపు లైట్లు. ఎరుపు... నీలం... ఎరుపు...

ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటుతుంది. ఐదు వేలు...

సరిగ్గా అప్పుడు ఆమెకు గుర్తొస్తుంది.



“ఏవండీ, కాలు తీయండి! తీసేయండి!”

“ఏంటే నీ గోల?” గొట్టం ఇంకాస్త గుచ్చుకుంటుంది.

“మూడో పిస్టన్ రాడ్ బోల్టు... నేను బిగించలేదు!”

వర్క్‌షాపు మాస్టారి దగ్గర నెలల తరబడి నేర్చుకున్న పని అది. కంపెనీ గీసిన కొలతకు ప్రతి ముక్కనూ వెంట్రుకవాసి తేడా లేకుండా తేవడం. పిస్టన్లన్నీ ఒకే బరువుకు అరగదీయడం. దాని పేరే బ్లూప్రింటింగ్! బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బోల్టు బిగించాక దాని తల మీద ఒక రంగు చుక్క పెట్టాలి. ఆమె రంగు ఎరుపు. పెళ్లికి కొన్న గోళ్లరంగే!

“ముందు బిగింపు, తర్వాతే చుక్క” అంటారు మాస్టారు. “చుక్క ఉందంటే దాని మీద ప్రాణం పెట్టొచ్చు.”

ఆ రోజు ఆమె చుక్క ముందు పెట్టింది. రెంచ్ అందుకోబోతుంటే ఫోన్ మోగింది.

“పాలవాడితో ఏమన్నానో తెలుసా? ‘మా ఆవిడను అడిగి చెప్తా’ అన్నా! మొదటిసారి!”

మా ఆవిడ! ఆమె సిగ్గుల మొగ్గయిపోయింది. ఫోన్ పెట్టేసి చూస్తే బోల్టు మీద ఎర్ర చుక్క ఉంది. బిగించేశాననుకుంది. ఇంజిన్ మూసేసింది.

“ఆరు వేలు దాటితే ఆ బోల్టు తెగుతుంది” అంటుంది ఆమె. “రాడ్డు ఇంజిన్ చీల్చుకుని బయటికొస్తుంది. నూనె టైర్ల కింద పడుతుంది. ఈ స్పీడులో ముగ్గురం ముద్దయిపోతాం!”

“కథలా?”

“కథ కాదన్నా!” భర్త ఏడుపు గొంతుతో అరుస్తాడు. “ఫోన్ చేసింది నేనే! పాలవాడి మీద ఒట్టు!”

ఆ ఒట్టు విని దొంగ ఒక్క క్షణం బిత్తరపోతాడు.

“...ఐదు మీదే ఉంచు.”

ముల్లు ఐదు దగ్గర ఆగుతుంది.

జీపు దగ్గరవుతోంది. ఇంకా... ఇంకా దగ్గరికి!

ఆమె చెయ్యి మెల్లగా జరిగి భర్త చొక్కా అంచు పట్టుకుంటుంది. జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పు... ఇవాళ దేవుడిలా వచ్చింది!

ఫోన్ మోగుతుంది.

‘మాస్టారు.’

“స్పీకర్ పెట్టు” దొంగ పళ్లు నూరుతాడు. “ట్రయల్‌కి తెచ్చామని చెప్పు. తేడా వస్తే మొగుడు పోతాడు.”

“అమ్మాయ్, షట్టర్ తీసుంది, బండి లేదు! ఏమైందీ?”

“ట్రయల్‌కి తెచ్చాం మాస్టారూ.”

“చెప్పి వెళ్లొద్దూ! ప్రాణం పోయిందనుకో. అదేంటి, ఇంజిన్ అలా మూలుగుతోంది? తొక్కమను అబ్బాయిని!”

“వద్దులెండి... తర్వాత మాట్లాడతా...”

“మాట్లాడనీ” అంటాడు దొంగ, చెవి పక్కనే.

మాస్టారు గలగలా నవ్వుతారు. “ఓహో! ఆ మూడో రాడ్ బోల్టు గుర్తొచ్చిందా ఇప్పటికి?”

“మాస్టారూ, ప్లీజ్...”

“ఫోన్లో మొగుడు, చేతిలో గోళ్లరంగు... నేను చూడలేదనుకున్నావా? నువ్వెళ్లాక మళ్లీ విప్పి నేనే బిగించానమ్మా. చెబితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. మిగతాదంతా కొలిచి చూశా. వంక పెట్టడానికి లేదు! ఎనిమిది వేలు తిప్పినా చెక్కుచెదరదు!”

ఆమె కళ్లు మూసుకుంటుంది.

ఈ మెప్పు కోసమే కదా ఇన్ని నెలలు ఎదురుచూసింది!

“విన్నావుగా?” దొంగ నవ్వుతాడు. “తొక్కు.”

ఆరు... ఏడు...

ఎక్కడా వణుకు లేదు. తడబాటు లేదు. ఇంజిన్ వీణలా మోగుతోంది.

‘తెగవే... ఒక్క బోల్టన్నా తెగవే...’

తెగదు. అంత బాగా కట్టింది మరి!

అద్దంలో లైట్లు చుక్కలవుతాయి. చుక్కలు మాయమవుతాయి.

చీకటి.

“మంచి బండి” అంటాడు దొంగ తాపీగా. “పోలీసులు లేరు. ఇక నడపడానికి ఒకడు చాలు.”

“అన్నా! వద్దన్నా! మా ఆవిడన్నా...!”

ఢాం!

ఫోన్ ఆమె ఒళ్లోంచి కాళ్ల దగ్గరకు జారుతుంది. ఎక్కడో దూరం నుంచి, చాలా దూరం నుంచి మాస్టారి గొంతు...

“అమ్మాయ్... ఆ చప్పుడేంటమ్మా? ఇంజిన్‌లోంచి కాదుగా?”