తలుపుకి ఆనించిన ఇటుక

కుక్కను బయటికి తోలాలి. అది ఎత్తుకుపోయి కొరికిన చెప్పు వెతకాలి. సోఫా మీది బురద తుడవాలి. అమ్మకు మాత్రలు ఇవ్వాలి. తొమ్మిదికల్లా తను పనిచేసే కళ్లద్దాల దుకాణం తెరవాలి. వేరే ఊళ్లో పెడుతున్న కొత్త దుకాణానికి ఇన్‌చార్జిగా తను వెళ్తుందో లేదో యజమానికి చెప్పాలి. మిగతావన్నీ ఎలాగో అయిపోయేవే. ఆ చివరి పనే వాయిదా పడుతూ వచ్చింది. ఈ రోజుతో గడువు ఆఖరు.

"చూశావా అమ్మా, నీ ఇటుక చేసిన నిర్వాకం! వీధికుక్క మహారాణిలా సోఫా ఎక్కి పడుకుంది."

"పడుకుంటే పడుకుంది. నీ సొమ్మేం పోయింది?" అంది తల్లి మంచం మీంచే.

"చెప్పు పోయింది. ఒంటికాలి మీద కుంటుకుంటూ వెళ్లనా దుకాణానికి?"

ఆ ఇంటి వీధి తలుపుకు రాత్రుళ్లు గడియ పెట్టరు. గాలికి తెరుచుకోకుండా లోపలి నుంచి ఇటుక ఆనించి ఊరుకుంటారు. బయట నుంచి కాస్త తోస్తే చాలు, జరుగుతుంది. సముద్రం మీదికి చేపల వేటకు వెళ్లిన కొడుకు ఏ వేళ వచ్చినా తలుపు తట్టే పని లేకుండా తల్లి చేసిన ఏర్పాటు అది. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొడుకు మాత్రం దొరకలేదు. అప్పటికి కూతురు రెండో తరగతి. ఇప్పుడు ఆమె జుట్టులో తెల్ల వెంట్రుకలు.

అన్నయ్య ఇక రాడని ఆమెకు హైస్కూలుకు వచ్చేసరికే తెలుసు. కానీ అమ్మ నమ్ముతోందిగా! దాన్ని కదపడానికి మనసొప్పలేదు. పెళ్లి చేసుకుంటానన్న మనిషి "మీ అమ్మనూ తీసుకొచ్చెయ్" అన్నాడు. "అమ్మ ఈ ఇల్లు వదలదండీ, అన్నయ్య కోసం చూస్తోంది" అంది. అతను కొన్నాళ్లు చూశాడు. తర్వాత వేరే పెళ్లి చేసుకుని, చాలా ఏళ్లకు కొడుకును వెంటబెట్టుకుని ఆమె దుకాణానికే వచ్చాడు. కంటి పరీక్ష చార్టు చూపించి ఆమే అక్షరాలు చదివించింది. నాన్న బాధపడతాడని ఆ పిల్లాడు కనబడని అక్షరాలు కూడా కనబడినట్టే చెప్పాడు.

ఫోను మోగింది. యజమాని. ఆమె తీయలేదు.

"ఎత్తవే, ఎవరో!"

"ఎత్తి ఏం చెప్పను? మా అమ్మ ఇటుకకు కాపలా, నేను మా అమ్మకు కాపలా అని చెప్పనా?" ఆమె ఫోను పక్కన పడేసింది. "ఒక్కసారి ఒప్పుకో అమ్మా! అన్నయ్య రాడు. వస్తాడని నువ్వు కూర్చున్నావు, నా బతుకు ఈ గుమ్మంలోనే తెల్లారిపోయింది."

తల్లి లేచి కూర్చుంది.

"వస్తాడని నేనెప్పుడన్నానే?"

"అనాలా? రోజూ ఇటుక పెడుతున్నావుగా!"

"నీకోసం పెట్టాను. చెక్కలు చూసిన రోజే నాకు తెలిసిపోయింది. ఆ రాత్రి గడియ వేయబోతే, అన్నయ్య ఎలా వస్తాడని నా చెయ్యి కొరికి, పొర్లి పొర్లి ఏడ్చావు." బొటనవేలి కింద మచ్చ చూపించింది. "మర్నాటి నుంచి ఇటుక. తర్వాత పెళ్లి వద్దన్నావు. వాడి కోసమే కనిపెట్టుకుని ఉన్నావనుకున్నాను. మీ పిన్ని తన దగ్గరికి రమ్మని ఎంత బతిమాలినా, పిల్ల ఈ గుమ్మం వదిలి రాదన్నాను."

ఆ మచ్చ పొయ్యి దగ్గర కాలిందని కూతురు ఇన్నాళ్లూ అనుకుంటోంది. కొరికినట్టు గుర్తే లేదు.

"మరి ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నమ్మిందెవరమ్మా?"

తల్లి తలుపు వైపు చూసింది. "ఇటుకేనేమో."

నవ్వు రావలసిన మాట. రాలేదు.

"అడిగి ఉండాల్సిందమ్మా."

"నువ్వూ అడగలేదుగా."

కూతురు వెళ్లి తల్లి పక్కన కూలబడింది. "నాకు వాడి మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఎలా ఉండేవాడో చెప్పు."

"పిరికి వెధవ. అంత సముద్రం మీదికి పోయేవాడా, గోడ మీద బల్లి కనబడితే మంచం ఎక్కి కేకలు పెట్టేవాడు. నువ్వే చీపురు పట్టుకుని తోలేదానివి..." తల్లి మాట మధ్యలో ఆగిపోయింది. అన్నేళ్లుగా ఏడవని ఏడుపు ఇద్దరూ అప్పుడు ఏడ్చారు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి కూతురు తీసింది. "వస్తానండీ. మా అమ్మా నేనూ, ఇద్దరం వస్తాం."

ఆ రాత్రి ఇటుక తీసి గడియ వేయబోతే, అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కదిలించడానికి ఇద్దరి చేతులూ కావలసి వచ్చాయి.

చదివిన మీకు ఒక మనవి. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ అతని రాకను తలుచుకున్నారు గానీ, అతన్ని తలుచుకోలేదు. మీరైనా ఒకసారి తలుచుకోండి, సముద్రానికి భయపడకుండా బల్లికి భయపడిన ఆ కుర్రవాణ్ణి.