వరదమ్మ మడి చీర

మళ్ళీ స్నానమా!... పొద్దుటి నుంచి అత్త వరదమ్మ ఎన్నిసార్లు నీళ్ళు పోసుకుంది! వసారాలో విడిగా కంచం పెట్టుకుని కూర్చున్న రేవతి కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది. ఇదంతా తన వల్లే కదా!

పెద్దపేగు కేన్సరని తేలాక తిరుపతిలో ఆపరేషన్ చేశారు. గడ్డ తీసేసి, కుట్టిన పేగు మానేదాకా మలం పొట్ట మీది సంచిలోకి వచ్చేలా అమర్చారు. కీమో పూర్తయ్యాక సంచి తీసేస్తామన్నారు. ప్రాణం దక్కింది. కానీ దొడ్డికి వెళ్ళొస్తే చీర మార్చుకునే ఇల్లు అది! ఒంటి మీద సంచి పెట్టుకుని పొయ్యి దగ్గరికి ఎలా వెళ్తుంది? ఎవరూ పొమ్మనకముందే తనే వసారాలోకి జరిగింది. అత్త మాత్రం రమ్మని ఒక్కమాటైనా అనలేదు... రేపు గంగమ్మకు పొంగలి. పెద్దకోడలిగా ఏటా తనే పెట్టేది. ఈసారి ఎవరిని పిలుస్తుందో!

గాలికి దండెం మీది మడి చీర కింద పడింది. ముట్టకూడదని తెలిసీ రేవతి తీసింది. ఉతికినా పోని ఎర్రటి మరక! అలాంటి మరకలనే తను మొలలనుకుని, నాటుమందు మింగుతూ నెలల తరబడి దాచింది. అంతలో స్నానం ముగించి వరదమ్మ గడపలోకి వచ్చింది.

"అత్తా... ఎన్నాళ్ళ నించి?"

వరదమ్మ గడపలోనే కూలబడింది. "ఉగాది ముందర్నించి మే... దొడ్డికి పోతే రగతం పడతా ఉండాది. ఎవురికి చెప్పేది? నీ కండ్లకు దొరికిపోతాననే నిన్ను లోపలికి పిలవలే!"

"అయితే ఈ స్నానాలు... నా మైలకు కాదా?"

"నీకు మైలేంది! నా మనవల్ను మోసిన కడుపు మే అది!"

రేవతికి ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారిగా పొంగుకొచ్చింది. అత్త చేతులు పట్టుకుంది.

"ఇది మైల కాదత్తా! వట్టి మొలలే కావచ్చు. ఇంకేదైనా సరే, నా మాదిరి ఆలస్యం చేసుకోవద్దు. మత్తిచ్చి గొట్టంతో లోపల సూస్తారు. రేపే తిరుపతికి పోదాం. నేనుంటాను గదా పక్కన!"

"నాకు బయంగా ఉండాదే..."

"నాకూ అట్లే ఉన్నింది."

తెల్లవారాక వరదమ్మ పసుపు రాసిన కుండ తెచ్చి కోడలి ముందు పెట్టింది. "నువ్వే పెట్టు. పొంగలి దించినాంక బయల్దేరదాం."

రేవతి చెంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది. పాలు పొంగేదాకా అత్త ఆమె భుజానికి ఆనుకునే కూర్చుంది.